అభిమాని, అభిమానవతి, ఒక గాజు

తెలుగులో 'అభిమానం' అన్న మాటకి రెండు బతుకులున్నాయి. మగవాడి పక్కన చేరితే 'అభిమాని' అవుతుంది. కటౌట్లు, పాలాభిషేకాలు, మొదటి ఆట టిక్కెట్లు, అభిమాన సంఘం అధ్యక్ష పదవి దాని వెంట వస్తాయి. ఆడదాని పక్కన చేరితే 'అభిమానవతి' అవుతుంది. ఆమె మాట పడనిది, తల వంచనిది, అభిమానం చంపుకోలేక అన్నీ పోగొట్టుకునేది. ఒకే మాట ఒకరికి ఇష్టపడే హక్కునీ ఇంకొకరికి పరువు కాపాడే బాధ్యతనీ పంచి ఇచ్చింది. 'అభిమాని' ఉభయలింగ పదమేనని వాదించవచ్చు. కానీ 'థియేటర్ వద్ద అభిమానుల హంగామా' అన్న వార్త చదివినప్పుడు మన కళ్ళ ముందు ఒక్క ఆడపిల్లయినా కనిపిస్తుందా?

2022లో మార్వెల్ సంస్థ కామిక్స్ నుంచి తీసిన రెండు టీవీ సిరీస్‌లకు వచ్చిన స్పందనల్ని చదువుతున్నప్పుడు ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మొదటిది 'మిస్ మార్వెల్'. జూన్ 8 నుంచి జులై 13 దాకా ఆరు ఎపిసోడ్లు. కథానాయిక కమలా ఖాన్, అమెరికాలోని జెర్సీ సిటీలో పెరిగిన పదహారేళ్ళ పాకిస్తానీ ముస్లిం పిల్ల. రెండోది 'షీ-హల్క్'. ఆగస్టు 18 నుంచి అక్టోబర్ 13 దాకా తొమ్మిది ఎపిసోడ్లు. కథానాయిక జెన్నిఫర్ వాల్టర్స్ లాయరు. బంధువు రక్తం తన రక్తంలో కలిసి, కోపం వస్తే పచ్చటి భారీకాయంగా మారుతుంది. రెండూ తెలుగు డబ్బింగుతో మన ఫోన్లలోకి వచ్చాయి.

వాటితోపాటే తిట్లూ వచ్చాయి. చూశారో లేదో తెలియనివాళ్ళు ఒక్క నక్షత్రం రేటింగులు గుమ్మరించారు. ఇది కొత్తా కాదు. 2019లో 'కెప్టెన్ మార్వెల్' సినిమా విడుదలకు ముందే ఈ దాడి ఎంత పెరిగిందంటే, రాటెన్ టొమాటోస్ అనే సమీక్షల సంస్థ సినిమా రాకముందు ప్రేక్షకులు వ్యాఖ్యలు రాసే ఏర్పాటునే తీసేసింది. 2022 నాటి కోపానికి పైకి చెప్పిన కారణాలు రెండు. కామిక్స్‌కి న్యాయం చెయ్యలేదు. ఆడవాళ్ళకి శక్తులు ఊరికే ఇచ్చేశారు.

రెండో కారణంతో మొదలుపెడతాను, అది తేలిక. 'షీ-హల్క్' మొదటి ఎపిసోడ్‌లో జెన్నిఫర్ తన అన్న వరసైన హల్క్‌తో ఒక మాట అంటుంది. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం తనకి కొత్తగా నేర్పక్కర్లేదని, వీధిలో వెకిలి కూతలు విన్నప్పుడు, తనకు తెలిసిన విషయాన్నే చేతకాని మగవాళ్ళు తనకు బోధిస్తున్నప్పుడు, రోజూ ఆ పనే చేస్తున్నానని. అభిమానులకి ఎక్కువగా మండింది ఇక్కడే. హల్క్ ఏళ్ళ తరబడి కష్టపడి నేర్చుకున్నది ఈమెకు ఒక్క రోజులో ఎలా వస్తుందని అడిగారు. తెలుగు సినిమాలో హీరో ఒక్క గుద్దుతో పదిమందిని గాల్లోకి లేపితే అతను ఆ విద్య ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చాడని మనం ఎన్నడూ అడగలేదు. పైడితల్లికి సిరిమాను ఎక్కించి మొక్కే నేల మనది. అమ్మవారికి అంత శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందనీ అడగం. గుడిలో ఉన్న ఆడదాని శక్తికి రుజువు అక్కర్లేదు. ఆఫీసులో ఉన్న ఆడదాని శక్తికి సర్టిఫికెట్లు కావాలి.

మొదటి కారణం అంత తేలిక కాదు. 'మూలానికి న్యాయం' అన్న మాటని సాహిత్యం చదివినవాళ్ళం కొట్టిపారెయ్యలేం. కమలా ఖాన్ పాత్ర 2013లో పుట్టింది. ఆ పాత్ర వెనక సంపాదకురాలు సనా అమానత్, రచయిత్రి జి. విల్లో విల్సన్ ఉన్నారు. 2014లో ఆమె పేరుతో కామిక్ మొదలైంది, దాని మొదటి సంపుటానికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. ఆ కామిక్‌లో కమలకు వచ్చిన శక్తి శరీరాన్ని సాగదీసి, పెంచి, మార్చుకోగలగడం. శక్తి వచ్చిన మొదటి క్షణంలో ఆమె తెల్లగా, బంగారు జుట్టుతో, తాను ఆరాధించే కెప్టెన్ మార్వెల్‌లా మారిపోతుంది. తీరా మారాక ఆ శరీరం తనకు నప్పదని తెలుస్తుంది. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనల మధ్య పెరిగిన మనకి ఆ ఘట్టం విప్పి చెప్పనక్కర్లేదు. ఎదిగే వయసులో తన చేతులూ కాళ్ళే తనకు పరాయివిగా తోచే ఆడపిల్ల అనుభవానికి ఆ సాగే శరీరం సరిగ్గా సరిపోయిన రూపం.

సిరీస్‌లో అది లేదు. కమలకు ఇంటి నుంచి వచ్చిన పాత గాజు ఒకటి దొరుకుతుంది, దాన్ని తొడుక్కుంటే గాల్లో వెలుగును గట్టిపరిచి మెట్లలా వాడుకోగలుగుతుంది. చూడ్డానికి అందంగానే ఉంది. కానీ కామిక్ శరీరం గురించి మాట్లాడిన చోట సిరీస్ మౌనంగా ఉండిపోయింది. ఈ మార్పుకి నొచ్చుకున్నవాళ్ళలో ఆ కామిక్‌ని ప్రేమించిన ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళ ఫిర్యాదునీ, ముస్లిం పిల్ల హీరోయిన్ ఏమిటన్న ఏడుపునీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మూలాన్ని ప్రేమించి మాట్లాడేవాళ్ళు వేరు, మూలానికి కాపలా కాస్తూ లోపలికి ఎవరు రావచ్చో తేల్చేవాళ్ళు వేరు. ఎస్.వి. శ్రీనివాస్ తెలుగు సినిమా అభిమానుల మీద ఏళ్ళ తరబడి పరిశోధించి 2009లో 'మెగాస్టార్' పుస్తకం తెచ్చారు. భక్తి అనుకునే ఆ అభిమానంలోనే షరతులున్నాయని, హీరో తమ అంచనా దాటితే అభిమానులు తిరగబడతారని ఆయన పని చూపిస్తుంది. మార్వెల్ అభిమానుల కోపం నాకు అమెరికా సంగతిగా అనిపించకపోవడానికి కారణం అదే. ఇది మనం ఎరిగిన కోపమే.

అయితే గాజు సంగతి అక్కడితో తేలిపోదు. చేతకాని మగవాణ్ణి వెక్కిరించడానికి 'గాజులు తొడుక్కుని కూర్చున్నావా' అంటాం. ధర్నాల్లో మంత్రులకీ అధికారులకీ గాజులు పంపుతుంటారు, ఒక్కోసారి ఆడవాళ్ళే పంపుతుంటారు. అటువంటి భాషలో శక్తంతా గాజులో ఉండటం, అది అమ్మమ్మ తల్లి అయేషా నుంచి దిగిరావడం చిన్న విషయం కాదు. ఆ మార్పు చేసినవాళ్ళకి మన సామెత తెలియదు. మన పిల్లలకి మాత్రం అది వెంటనే తగిలింది.

కళింగపట్నంలో ఈ సిరీస్‌ని తెలుగులో చూసిన అయిదారుగురు డిగ్రీ పిల్లలతో విడివిడిగానూ కలిపీ మాట్లాడాను. వాళ్ళెవరూ ఆ కామిక్ చదవలేదు. వాళ్ళకి మూలం అంటే ఫోన్లో విన్న ఆ డబ్బింగ్ తెలుగే. శక్తులు మారాయన్న గొడవ వాళ్ళని అంటలేదు. కమల తల్లి మునీబా గురించి మాత్రం గంటసేపు మాట్లాడారు. "ఆలమ్మ కూడా మాయమ్మలాగే, ముందు తిడతాది, తరవాత కుడతాది" అంది ఒక పిల్ల. మొదటి ఎపిసోడ్‌లో ఆ తల్లి కూతురి కోసం హల్క్ దుస్తులు సల్వార్ కమీజ్‌గా కుట్టి, తండ్రిని తోడు పంపిస్తానంటే కూతురు సిగ్గుతో చచ్చిపోతుంది. ఆఖరి ఎపిసోడ్‌లో ఆమె సూపర్ హీరో దుస్తుల్ని తెచ్చిచ్చేది ఆ తల్లే. అంత పెద్ద సమీక్షల గుంపులో ఈ కుట్టుపనిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇంకో పిల్ల నవ్వుతూ అంది: "మా అమ్మమ్మ గాజులు బేంకులో తాకట్టున్నాయక్కా. మా శక్తులన్నీ లాకర్లోనే ఉండిపోనాయి." అందరూ నవ్వారు. వలకో, పడవ ఇంజనుకో, కాలేజీ ఫీజుకో ఆడవాళ్ళ చేతి గాజులు బ్యాంకుకి నడిచి వెళ్ళే తీరంలో అంతకన్నా పదునైన విమర్శ నేను చదవలేదు.

నాలుగు, అయిదు ఎపిసోడ్లలో కథ కరాచీకి, అక్కణ్ణుంచి 1947 విభజన నాటి రైలు స్టేషన్‌కి వెళ్తుంది. సూపర్ హీరో కథలో చరిత్ర పాఠం ఎందుకని విసుక్కున్నవాళ్ళున్నారు. కానీ ఈ తీరంలో కరాచీ అంటే పాఠ్యపుస్తకంలో ఊరు కాదు. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకి వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ బలగాలకు చిక్కి కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉన్నారు. 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇరవై మంది ఆంధ్ర మత్స్యకారులు సరిహద్దు దాటి వచ్చారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' సినిమాకి ఆధారం ఆ సంఘటనే. ఆ పిల్లల్లో ఒకమ్మాయిది మత్స్యకార కుటుంబం. "కరాచీ అంటే జైలే అనుకున్నానక్కా. అక్కడ అమ్మమ్మలు కూడా ఉంటారని అనుకోలేదు" అంది. ఆ సిరీస్ కరాచీలో వంటిల్లుంది, గిల్లికజ్జాలాడే బంధువులున్నారు, తప్పిపోయిన పసిపిల్లగా రైలెక్కి బతికి, ముసలిదై బొమ్మలు గీసుకునే సనా ఉంది. శత్రుదేశం అన్న ఒక్క మాటలోంచి ఒక అమ్మమ్మ బయటికి నడిచి వచ్చింది. దానికి ఎన్ని నక్షత్రాలు వెయ్యాలో నాకు తెలియదు.

ఇక 'షీ-హల్క్' సంగతి. తిట్టే అభిమానిని ఈ సిరీస్ ముందే ఊహించి కథలోనే ప్రతినాయకుణ్ణి చేసింది. మూడో ఎపిసోడ్‌లో ఆడ హల్క్ మీద సోషల్ మీడియా వెటకారాలు తెర మీద వరసగా కనిపిస్తాయి. బయట వచ్చిన తిట్లు వాటికి నకళ్ళలా ఉన్నాయి. చివరికొచ్చేసరికి, ఆమెను ద్వేషించే మగవాళ్ళ ముఠా ఒకటి ఆమెకు తెలియకుండా తీసిన వీడియోని, స్త్రీ న్యాయవాదులకు అవార్డులిచ్చే సభలో తెర మీద వేస్తుంది. ఆమె కోపంతో ఆ తెరను బద్దలు కొడుతుంది. శిక్ష ఆమెకే పడుతుంది. వీడియో తీసినవాడు కాదు, కోపం తెచ్చుకున్నది నేరస్తురాలు. అభిమానవతి కథ ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

ఆ సిరీస్ నడుస్తున్న ఆగస్టు నెలలోనే, 2022లో, మన దగ్గర నటి, యాంకర్ అనసూయ భరద్వాజ్ మీద ఒక హీరో అభిమానులమని చెప్పుకునేవాళ్ళు 'ఆంటీ' అన్న మాటతో దండెత్తారు. పిన్ని, అత్త అని పిలవడానికి వాడే మాటే తిట్టయింది. ఆమె సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేస్తే అదీ నవ్వులాటైంది. ఒక మాటకి ఇంత రాద్ధాంతమా అన్నవాళ్ళలో చదువుకున్న ఆడవాళ్ళూ ఉన్నారు. జెన్నిఫర్ బద్దలు కొట్టిన తెర, అనసూయ ఇచ్చిన ఫిర్యాదు నాకు పక్కపక్కనే కనిపిస్తాయి. దాడి కన్నా దానికి ఇచ్చిన జవాబే ఎప్పుడూ అతిగా కనిపిస్తుంది.

అయినా 'షీ-హల్క్' ముగింపు నన్ను తృప్తిపరచలేదు. జెన్నిఫర్ తన కథ నచ్చక తెరలోంచి బయటికొచ్చి, రచయితల గదిలోకి జొరబడి, చివరికి సంస్థను నడిపే ఒక యంత్రం ముందు నిలబడి ముగింపు మార్చమని వాదిస్తుంది. చమత్కారంగా ఉంది. కానీ అది చివరికి యజమానికి పెట్టుకున్న అర్జీయే. తనను తిట్టేవాళ్ళతో వాదించడానికే ఎక్కువ సమయం ఖర్చుపెట్టి, తనను చూసి మురిసే ఆడపిల్లల వైపు ఆ సిరీస్ ఒక్కసారి కూడా తిరగలేదనిపిస్తుంది. తిట్టేవాడే దాని ఆదర్శ పాఠకుడైపోయాడు. 'మిస్ మార్వెల్' కథానాయిక స్వయంగా అభిమాని. గది గోడల నిండా బొమ్మలు అంటించుకుని, తన హీరోయిన్ మీద కథలు కట్టుకునే పిల్ల. అందుకే రెండింటిలోనూ నాకు అదే దగ్గరిది.

స్త్రీవాద విమర్శకులకి ఇక్కడ ఒక ఇరకాటముంది. మగ అభిమానులు దేన్ని ద్వేషిస్తే దాన్ని మనం వెనకేసుకు రావలసి వస్తోంది. 2023లో కమలా ఖాన్ ముఖ్యపాత్రగా వచ్చిన 'ద మార్వెల్స్' సినిమా దెబ్బతింటే వాళ్ళు పండగ చేసుకున్నారు, మనం నీరుగారిపోయాం. కానీ అది ఒక బహుళజాతి సంస్థ సరుకు. అదే ఏడాది సెప్టెంబరులో ఆ సంస్థలో విజువల్ ఎఫెక్ట్స్ పని చేసేవాళ్ళు పని గంటలు, వేతనాల గొడవతో యూనియన్ కావాలని ఏకగ్రీవంగా ఓటేశారు. ద్వేషానికి జవాబుగా ప్రేమించడం మొదలుపెడితే మన ఇష్టాయిష్టాల పగ్గాలు వాళ్ళ చేతికే ఇచ్చినట్టు. బాగాలేదని చెప్పే హక్కు కూడా మనకి కావాలి.

తెలుగు సాహిత్యంలో దీనికి ఒక పాత లెక్క బాకీ ఉంది. యద్దనపూడి సులోచనారాణి నవలల్ని అద్దె లైబ్రరీల నుంచి తెచ్చుకుని వంటింటి పొగలో చదివిన లక్షలాది ఆడవాళ్ళని మన విమర్శ కాలక్షేపం పాఠకులంది. ఆ నవలల్ని తప్పుపట్టాం, మంచిదే. కానీ ఆ పాఠకురాలు రాజశేఖరంలో ఏం వెతుక్కుందో, ఎక్కడ పేజీ మడిచిందో, ఎక్కడ విసుక్కుందో అడిగి రాసుకోలేదు. 2018లో ఆ రచయిత్రి పోయినప్పుడు నివాళుల్లో ఒక్కొక్కరే తమ జ్ఞాపకాలు చెప్పుకుంటే మనం ఆశ్చర్యపోయాం. ఒక తరం ఆడవాళ్ళ అభిమానం అలా నమోదు కాకుండానే పోయింది.

ఇప్పుడు ఫోన్లో, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని, తమ్ముడు అడిగేలోపు ఎపిసోడ్ పూర్తి చెయ్యాలని చూసే ఆడపిల్లకి అభిమాన సంఘం లేదు, కటౌట్ లేదు, నక్షత్రాలు వేసే అలవాటూ లేదు. ఆమె మాట ఏ లెక్కలోకీ రాదు. కామిక్స్ వేరు, సాహిత్యం వేరు అని మనం ముఖం తిప్పుకుంటే, లాకర్లో ఉండిపోయిన గాజుల మాట, కరాచీలో కనిపించిన అమ్మమ్మ మాట ఎవరు రాసిపెడతారు? విశ్వవిద్యాలయాల్లో ఇంకా ఎంత కాలం స్త్రీ పాత్రల చిత్రణ మీదే సిద్ధాంత గ్రంథాలు రాయిస్తాం? ఆ పాత్రల్ని చూస్తున్న స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చోవలసిన పని మిగిలే ఉంది. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నోటు పుస్తకం, వినే ఓపిక చాలు. ఆ పిల్లలు మాట్లాడటానికి సిద్ధంగానే ఉన్నారు.