కుంచె పొడవంత దూరం

నోటితో కుంచె పట్టి వేసిన బొమ్మ అనగానే ముందు అయ్యో అంటాం, ఆ తర్వాతే బొమ్మ చూస్తాం. జపాన్ కవి, చిత్రకారుడు తొమిహిరో హొషినో దగ్గర ఈ వరస తిరగెయ్యాలి. ఆయన జాలికి అందే మనిషి కాదు, పనితనం తెలిసిన మనిషి.

ఆయన కాగితం మీద సాధారణంగా ఒకే మొక్క ఉంటుంది. కుండీ, కిటికీ, వెనక కొండలు వంటి హంగులేవీ ఉండవు. సన్నటి గీత, దానిమీద పలచని నీటిరంగు. మిగిలిన తెల్లటి చోటులో నాలుగైదు చిన్న చిన్న వాక్యాల కవిత, అదీ తన చేవ్రాతే. చేవ్రాత అనకూడదేమో, చెయ్యి ఆడదు కదా! నోటిరాత అందాం. అక్షరం కాస్త వణుకుతుంది, కాడ పక్కన కాడలాగే నిలబడుతుంది. ఎక్కడ బొమ్మ ఆగి ఎక్కడ మాట మొదలైందో కన్ను పట్టించుకోదు. రాతా గీతా ఒక్క మనిషివే అయితే పుటకు వచ్చే నిండుతనం బాపును చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. జపాన్‌లో ఈ పద్ధతిని ‘షిగా’ అంటారు, కవితా బొమ్మా కలిసినది అని. తెలుగులో ‘చిత్రకవిత్వం’ అందామంటే ఆ పేరును, పద్యాన్ని బొమ్మ ఆకారంలో అమర్చే బంధకవులు ఏనాడో పట్టుకుపోయారు.

హొషినో 1946లో గున్మా ప్రాంతంలోని అజుమా అనే కొండపల్లెలో పుట్టారు. 1970లో తకసాకిలో వ్యాయామం మాస్టారుగా చేరిన రెండు నెలలకే, పిల్లలకు జిమ్నాస్టిక్స్ చూపిస్తూ పిల్లిమొగ్గ వేసి తలకిందులుగా పడ్డారు. మెడ కింద శరీరమంతా చచ్చుబడింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆసుపత్రిలోనే.

రాత ఎలా మొదలైందో వింటే ఆయన గీత అర్థమవుతుంది. పక్క మంచం మీద ఉండి వేరే ఆసుపత్రికి మారిన ఓ కుర్రాడు, అందరూ ఏదో ఒకటి రాసివ్వమని తన టోపీ పంపాడు. ఈయన పెన్ను పళ్ళ మధ్య పెట్టుకున్నారు గానీ చుక్క పడిందే తప్ప గీత సాగలేదు. అప్పుడు వాళ్ళమ్మ పెన్ను కింద టోపీని కదిపింది, అక్షరం తయారైంది. కలం కదలకపోతే కాగితాన్ని కదిపిన తల్లి! తర్వాత్తర్వాత మెడ కుదిరి కుంచె ఆయన మాట విన్నా, రంగులు కలపడానికి మాత్రం ఎప్పుడూ మరొకరి చెయ్యి కావలసిందే. ఈయన చెబుతుంటే మొదట అమ్మ, పెళ్ళయ్యాక భార్య కలిపేవారు. ఆ ఆకుపచ్చలో కాస్త పసుపు, ఇంకాస్త, చాలు... ఒక రంగును మాటల్లో అంత కచ్చితంగా చెప్పగలిగినవాడు కవి కాక ఏమవుతాడు?

నోటితో గీసేవాడికి కాగితం కుంచె పొడవంత దూరంలోనే ఉంటుంది. వెనక్కి జరిగి చూసుకునే వీలు లేదు. అందుకే ఆయన ఆకుల్లో పురుగు తిన్న కంతలుంటాయి, ఎండిన అంచులుంటాయి. ‘దొకుదామి’ అని ఒక కలుపు మొక్క ఉంది. పేరులోనే విషం, నలిపితే వెగటు వాసన. రేకుల్లా కనిపించే నాలుగు తెల్లటి ఆకులు శిలువలా విచ్చుకుంటాయి. ఆసుపత్రిలోనే క్రైస్తవం తీసుకున్న ఈయన, ఒకప్పుడు తనకు గిట్టని ఆ మొక్కను మల్లెకిచ్చినంత మర్యాదతో గీశారు. ఇంకో కవితలో ఆయన దేవుణ్ణి అడిగింది నడకను కాదు, అమ్మ భుజాలు తట్టేందుకు ఒక్కసారి చెయ్యి ఆడితే చాలునని. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. కష్టంలో ఉన్నవాడు నమ్మేది ఇలాంటి కవితనే.

అన్నీ ఇంత గట్టివి కావు. కొన్ని తియ్యదనం ఎక్కువై గ్రీటింగ్ కార్డు దగ్గర ఆగిపోతాయి. ఏటా క్యాలెండర్లుగా అచ్చవడంతో ఆ తియ్యనివే ఎక్కువ మంది గోడలెక్కాయి.

1979లో మాయెబాషిలో తొలి ప్రదర్శన జరిగింది, ఆ ఏడాదే ఇల్లు చేరారు. 1991లో సొంతూళ్ళోనే ఆయన పేరిట మ్యూజియం వెలిసింది. 2024 ఏప్రిల్‌లో 78 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కుసాకి సరస్సు ఒడ్డున 2005లో కట్టిన మ్యూజియం కొత్త భవనంలో నడవాలు లేవు. సబ్బు బుడగల్లా ఒకదానికొకటి ఆనుకున్న గుండ్రటి గదులే. ఆ వంపు గోడల మీద తగిలించిన కాగితాలు చిన్నవి. వణికే ఆ అక్షరాలు చదవాలంటే ముఖం దగ్గరికి పెట్టాలి, ఇంచుమించు కుంచె పొడవంత దగ్గరికి.