బడి గోడ దాటని విజ్ఞానపాఠము

విద్యాసంస్కరణను గూర్చి మన దేశమున నివేదికలకు కొదువ లేదు. చేతిపనిని ఆధారముగా జేసికొని తక్కిన విషయములను నేర్పవలెనని 1937లో వార్ధా సమావేశము చెప్పినది. భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారి అధ్యక్షతన 1964లో ఏర్పడి, 1966లో నివేదిక సమర్పించిన సంఘము, మొదటి పది సంవత్సరముల చదువులో విజ్ఞానశాస్త్రమును గణితమును అందరికిని నేర్పవలెననియు, పనియనుభవము విద్యలో అంతర్భాగము కావలెననియు, జాతీయాదాయములో 6 శాతమును విద్యకు వెచ్చింపవలెననియు కోరినది. పిల్లల వీపుమీది సంచి బరువుకన్న అర్థముకాని చదువు బరువే ఎక్కువ హానికరమని 1993లో ఆచార్య యశ్‌పాల్ సంఘము హెచ్చరించినది. 2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానము ఆ 6 శాతమునే మరల లక్ష్యముగా పేర్కొన్నది. 54 సంవత్సరముల తరువాత అదే అంకెను తిరిగి వ్రాసికొనవలసి వచ్చినదనగా, మన లోపము ఆలోచనలో లేదు, ఆచరణలో ఉన్నదని తెలియుచున్నది.

అయితే, డబ్బు చాలినంత లేకపోవుట ఒక్కటే కారణమా? కాదనుటకు విజ్ఞానశాస్త్ర బోధనను ఉదాహరణముగా తీసికొందము. 2016 అక్టోబరులో ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లానుండి ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను చూడుడు. ప్రయోగశాలలో పరికరములు చాలవను మాట అంతట వినవచ్చునదే. కాని ఈ మూడు జిల్లాలలో ఏ ప్రయోగశాలయు చూపజాలని విషయములు బడికి కొద్దిపాటి దూరములోనే ఉన్నవి. మన పాఠ్యప్రణాళిక వానివైపు తలయెత్తి చూడదు.

మొదట భూపాలపల్లిని చూతము. అచ్చట సింగరేణి బొగ్గుగనులున్నవి. ఆ ప్రక్కనే చేల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమున్నది. దాని రెండు యూనిట్ల సామర్థ్యము 500, 600 మెగావాట్లు. కలిపి 1100 మెగావాట్లు. పూర్తి సామర్థ్యముతో ఒక గంట నడచినచో 11 లక్షల యూనిట్ల విద్యుత్తు వచ్చును. దీనికి ఎంత బొగ్గు కావలెను? కిలో బొగ్గు కాలినచో సుమారు 4000 కిలోకేలరీల ఉష్ణము వచ్చుననుకొందము. ఒక యూనిట్ విద్యుత్తు 860 కిలోకేలరీలకు సమానము గనుక, కిలో బొగ్గులో దాదాపు 4.6 యూనిట్ల శక్తి ఉన్నది. కాని ఉష్ణములో 35 శాతము మాత్రమే విద్యుత్తుగా మారుననుకొన్నచో చేతికి వచ్చునది 1.6 యూనిట్లు. అనగా గంటకు ఇంచుమించు 680 టన్నుల బొగ్గు కాలవలెను. మిగిలిన 65 శాతము ఏమైనది? పొగగొట్టమునుండి కొంత పోవును. అధికభాగము ఆవిరిని చల్లార్చు నీటిలో కలిసి, చల్లార్చు గోపురములపై తెల్లని మబ్బువలె లేచిపోవును. ఉష్ణమునంతటిని పనిగా మార్చజాలమను సూత్రమునకు ఇంతకన్న పెద్ద దృష్టాంతము ఏ పుస్తకములో దొరకును?

ఆ బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవుల అవశేషము. అదే గోదావరి–ప్రాణహిత లోయలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లివద్ద, కోటసారస్ అను రాక్షసిబల్లి ఎముకలు దొరకినవి. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రములో నిలిచియున్నది. ఇంత సంపద చెంత నుండగా, భూపాలపల్లి విద్యార్థి బొగ్గును గూర్చి నాలుగు వాక్యములు కంఠస్థము చేసి పరీక్షలో అప్పగించుటయే చదువనిపించుకొనుచున్నది. తండ్రి గనిలోనుండి తెచ్చు బొగ్గు వేరు, పుస్తకములోని బొగ్గు వేరు అను భావము ఆ బాలునికి కలిగినచో తప్పు అతనిది కాదు.

ఇక జనగామ చెంతనున్న పెంబర్తి. ఇచ్చటి ఇత్తడి రేకుపని ప్రఖ్యాతమైనది. ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రలోహమని పుస్తకము చెప్పును. రేకును సుత్తితో కొట్టిన కొలది గట్టిపడి పెళుసగునని, నిప్పులో కాచినచో మరల మెత్తబడునని శిల్పికి తెలియును. కారణమేమి? లోహములోని స్ఫటికముల అమరిక దెబ్బలకు చెదరి, చిక్కుపడి, పొరలు జరుగుటకు అడ్డుపడును. వేడికి క్రొత్త స్ఫటికములు ఏర్పడి ఆ చిక్కు విడును. శిల్పికి ఫలితము తెలియును. ఉపాధ్యాయునికి కారణము తెలియును. ఈ ఇద్దరును ఒక గదిలో ఒక గంట కూడినచో అది సంపూర్ణమైన పాఠమగును. వారిని కలుపు ఏర్పాటు మాత్రము మన ప్రణాళికలో లేదు.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ఇనుపరాయి ఉన్నది. కాకతీయులనాటి పెద్దచెరువును ఉన్నది. చెరువుకట్ట అడుగున వెడల్పుగను, పైన సన్నముగను ఏల కట్టిరి? నీటి పీడనము లోతుతో పెరుగును. ప్రతి 10 మీటర్ల లోతునకు దాదాపు ఒక వాతావరణ పీడనము చేరును. తూమువద్దను, మత్తడివద్దను నిలిచి ఈ మాట చెప్పినచో మరచు విద్యార్థి ఉండడు. లంబాడీ, కోయ భాషలు ఇంట మాటలాడు పిల్లలు ఈ జిల్లాలో ఎందరో కలరు. 2022–23లో ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టి, రెండు భాషల పాఠ్యపుస్తకములు ముద్రించిరి. ఏ భాషలో చెప్పినను, వస్తువును చూడనివానికి దాని పేరు ఒక శబ్దము మాత్రమే. చూచినవాడు ఎన్ని భాషలలోనైనను ఆ పేరును నేర్వగలడు.

ఈ లోపమును 2020 విధానకర్తలు గుర్తింపలేదని చెప్పరాదు. ఆరు నుండి ఎనిమిది తరగతుల మధ్య పది దినములు పుస్తకసంచి లేకుండ, విద్యార్థులు స్థానిక వృత్తికారులవద్ద పని నేర్వవలెనని వారు సూచించిరి. ఉద్దేశము మంచిది. కాని మూడు సంవత్సరములలో పది దినములు! పైగా అది వృత్తిపరిచయముగానే మిగిలినది, విజ్ఞానపాఠముగా రూపొందలేదు. కొఠారి సంఘము కోరిన పనియనుభవమునకు పట్టిన గతి ఇదియే. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము దానిని సమాజోపయోగియైన ఉత్పాదక కార్యమని పేరుమార్చినది. పేరు మారినది గాని, అది గణితము, సైన్సులకు ప్రక్కన మార్కులులేని వేరు పీరియడుగానే నిలిచినది. చేతిని ఒక పీరియడులోను, బుద్ధిని వేరొక పీరియడులోను కూర్చుండబెట్టుట వార్ధాలో చెప్పిన మాటకు సరిగా విరుద్ధము.

ఇందులకు మూలము పరీక్ష. పరీక్షలో అడుగనిది తరగతిలో నిలువదు. దీనికి ప్రత్యామ్నాయము లేదనువారు మధ్యప్రదేశములోని హోషంగాబాదు ప్రయత్నమును చూడవలెను. 1972లో 16 పాఠశాలలలో మొదలైన ఆ కార్యక్రమము వేయికిపైగా పాఠశాలలకు వ్యాపించినది. పిల్లలు తామే ప్రయోగములు చేసి, ఫలితములు వ్రాసికొనిరి. పరీక్షకు పుస్తకములను వెంట తెచ్చుకొనిరి. చేతితో చేసి చూపు పరీక్షయు ఉండెను. పుస్తకము ఎదుట నున్నప్పుడు కంఠస్థమునకు విలువ లేదు గదా! అయితే 2002లో ప్రభుత్వము దానిని ఆపివేసినది. చక్కగా నడచు ప్రయత్నమైనను, ప్రధాన వ్యవస్థలో చట్టబద్ధమైన చోటు దొరకనిచో ఒక ఉత్తర్వుతో అంతము కాగలదని దీనివలన నేర్వవలెను.

కొన్ని ఆక్షేపణలు న్యాయమైనవే. గనిలోనికి పిల్లలను పంపుట ప్రమాదము. నిజమే, అట్లు పంపరాదు. గని పనివానిని బడికి పిలువవచ్చును, బొగ్గుముక్కను బల్లపై ఉంచవచ్చును. ఉపాధ్యాయునికి తీరిక లేదు, ఇదియు నిజమే. కావున పాఠములను తగ్గింపక క్రొత్తపనిని కలుపరాదు. స్థానికమునకే పరిమితమైనచో పిల్లలు ప్రపంచమును తెలిసికొనరను భయమున్నది. కాని చేల్పూరు లెక్కను చేసినవానికి ప్రపంచములోని ఏ బొగ్గు విద్యుత్కేంద్రమైనను అర్థమగును. విశేషమునుండి సామాన్యమునకు పోవుటయే విజ్ఞానమార్గము.

చేయవలసినవి మూడు. ఒకటి, ప్రతి జిల్లాలోను ఉపాధ్యాయులే కూర్చుండి, తమ ప్రాంతపు వస్తువులను భౌతిక, రసాయన, జీవశాస్త్ర అధ్యాయములతో జతపరచు చిన్న పుస్తకమును సిద్ధపరచవలెను. దానికి సరిపడ పాత పాఠములను తగ్గింపవలెను. రెండు, పదవ తరగతి పరీక్షలో కొన్ని ప్రశ్నలు పుస్తకమును తెరచి వ్రాయునవిగా, చూచినదానినుండి లెక్కించి చెప్పునవిగా ఉండవలెను. మూడు, వృత్తికారుని బడికి పిలిచినప్పుడు అతనికి తగిన పారితోషికము ఇయ్యవలెను; అతడు వినోదమునకు వచ్చినవాడు కాడు, బోధకుడు.

ప్రభుత్వములు ఇవి చేయువరకు ఉపాధ్యాయులు ఊరకుండనక్కరలేదు. ఈ వారమే ఒక లెక్కతో ఆరంభింపవచ్చును. విద్యార్థులారా, మీ యింటి కరెంటు బిల్లులోని యూనిట్లను చూడుడు, 1.6తో భాగింపుడు. వచ్చినది, ఆ విద్యుత్తంతయు బొగ్గునుండి వచ్చెననుకొన్నచో, నెలకు మీ యింటి కొరకు కాలిన బొగ్గు ఎన్ని కిలోలో చెప్పును. ఆ అంకెను చూచిన పిమ్మట మీ నోటినుండి వచ్చు మొదటి ప్రశ్నయే అసలు పాఠము.