బానెట్ కింద భిలాయి

అమెరికా వాళ్లు మజిల్ కార్ అనగానే 1964 నాటి పాంటియాక్ జీటీఓతో లెక్క మొదలుపెడతారు. మధ్యరకం కారులో 6.4 లీటర్ల వీ8 ఇంజిన్, 325 హార్స్‌పవర్. మన దేశంలో ఆ బిరుదు తగిలించుకున్న బండి హిందుస్థాన్ కాంటెస్సా. ఇంగ్లండులో వాక్స్‌హాల్ పేరుతో తిరిగి, అక్కడ ఆగిపోయిన మోడల్ హిందుస్థాన్ మోటార్స్ వారి ఉత్తరపరా ఫ్యాక్టరీకి వచ్చి 1984లో కాంటెస్సా అయింది. పొడవాటి ముక్కు, వెడల్పాటి భుజాలు. తీరా బానెట్ ఎత్తితే లోపల ఉన్నది అంబాసిడర్‌కి పెట్టే 1489 సీసీ ఇంజినే, 50 హార్స్‌పవర్! చూపుకి పహిల్వాను, లాగుడికి గుమాస్తా. తర్వాత 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు వచ్చాక గానీ రూపానికి తగ్గ పరుగు రాలేదు. ఆ ఇసుజు ఇంజిన్లు తయారైంది ఇండోర్ పక్కన పీథంపూర్‌లో. 2002లో కాంటెస్సా తయారీ ఆగిపోయింది.

ఇప్పుడు ఆ బండిని బాగుచేయించుకోవాలంటే కంపెనీ అండ లేదు, విడిభాగాల డీలరూ లేడు. చెయ్యి తిరిగిన మనుషులు ఉన్న ఊరే దిక్కు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి అలాంటి ఊరు.

ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. ఖుర్సీపార్ సందుల్లో నడిస్తే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, కార్ల ఒంటికి పనికొచ్చే పల్చటి రేకు భిలాయిలో తయారు కాదు. అది రూర్కెలా, బొకారోల పని. భిలాయి పోసేది రైలు పట్టాలు, మందపాటి ప్లేట్లు, వైర్ రాడ్లు. కాబట్టి ఈ ఊరు పాత కారుకి ఇచ్చేది ఉక్కు కాదు, మరమ్మతు బుద్ధి. ప్లాంటులో ఫర్నేసుని ఆపి, లోపలంతా విప్పి, అరిగినదాన్ని మార్చి, మళ్లీ వెలిగించడాన్ని కేపిటల్ రిపేర్ అంటారు. ఊళ్లోని నందినీ రోడ్డు షెడ్లలో పాత కార్లకి జరగాల్సింది కూడా సరిగ్గా అదే. పైపైన డూకో కొట్టి మెరిపించడం ఏ ఊళ్లోనైనా చేస్తారు. పనితనం తేలేది బానెట్ కింద, కార్పెట్ కింద.

మొదటి పని విప్పడం. ఇక్కడే సగం బళ్లు పాడవుతాయి. ఉత్సాహంగా రెండు రోజుల్లో అంతా ఊడదీసి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి, ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడిదో తెలియక తలపట్టుకునేవాళ్లు కొల్లలు. ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు కుర్రాళ్లకి చెప్పే మాట: ‘‘బాబూ, ముందు ఫొటో తియ్యి, తర్వాత పానా పెట్టు.’’ ప్రతి వైరుకీ రెండు కొసలా చీటీ, ప్రతి భాగం బోల్టులకీ విడి సంచీ. పాత 1489 ఇంజిన్‌కి అంగుళాల పానాలు కావాలి, ఇసుజుకి మిల్లీమీటరు పానాలు. ఒకదానితో ఒకటి సరిపెట్టుకుంటే బోల్టు తల గుండ్రమై కూర్చుంటుంది.

చైన్ పుల్లీతో ఇంజిన్ పైకి లేపాక, నలభై ఏళ్ల గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడిన పెచ్చు బయటపడుతుంది. కిరసనాయిలు, బ్రష్షు, ఓపిక. ఇనప భాగాలని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే పని తొందరగా అవుతుంది గానీ, అల్యూమినియంని కాస్టిక్ తినేస్తుంది. ఇసుజు హెడ్డు అల్యూమినియం. కార్బురేటర్ ఒళ్లు కూడా ఆ జాతి మెత్తని లోహమే. ఈ రెండూ కాస్టిక్ తొట్టి దరిదాపులకి వెళ్లకూడదు.

పెచ్చు పోయాక తుప్పు కనిపిస్తుంది. బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారి తినేసిన రేకు, ఫెండర్ల లోపలి మడతల్లో బురద నిలిచి పడిన చిల్లులు. కాంటెస్సాకి లారీకున్నట్టు విడి ఛాసీ ఉండదు. ఒళ్లే ఛాసీ. అందుకే ఇంజిన్ చుట్టూ ఉన్న రేకుకి చిల్లు పడితే అది అందానికి సంబంధించిన గొడవ కాదు, బలానికి సంబంధించినది. అక్కడ పుట్టీ పూసి రంగు కొట్టేవాణ్ణి నేను మిస్త్రీ అనను.

ఇక్కడే భిలాయి చేతికి ఒక పరీక్ష ఉంది. ప్లేట్ మిల్లు సరుకు మీద చెయ్యి అలవాటైన వెల్డరు మందపాటి ఉక్కుని కళ్లు మూసుకుని అతికిస్తాడు. కారు రేకు మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. అదే ధాటిగా గీత లాగితే రేకు వేడెక్కి అప్పడంలా ఉబ్బుతుంది, మళ్లీ చదునుకి రాదు. కుళ్లిన భాగాన్ని మెరిసే రేకు తగిలేదాకా కోసేసి, అట్ట మీద ఆకారం గీసి, కొత్త రేకు కత్తిరించి, సన్నటి తీగ సీఓటూ వెల్డింగుతో ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అటు చివర పెట్టి చల్లారనివ్వాలి. ఆ తర్వాత మధ్యలో చుక్క. అలా చుక్కలు కలిసి గీత అయ్యేసరికి పూట గడుస్తుంది. బరువైన పనిలో పండిన వెల్డర్లకి ఈ నిదానం నేర్చుకోవడమే కష్టం. నేర్చుకున్నాక మాత్రం వాళ్ల అతుకు ముందు ఎవరూ నిలవరు, ఎందుకంటే లోపలిదాకా కరిగిందో లేదో వాళ్లకి రంగు చూస్తేనే తెలుస్తుంది.

రంగు సంగతి వాతావరణం చేతిలో ఉంది. జూన్ చివర్లో వాన పట్టుకుంటే, పొద్దున సాండ్‌పేపరు కొట్టిన రేకు మీద సాయంత్రానికి నారింజ పొడి లేస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ పూత తుప్పుని ఐరన్ ఫాస్ఫేటుగా మార్చి కొంత కాపాడుతుంది. అది బాగా ఆరాక, ఆలస్యం చేయకుండా ప్రైమర్ పడాలి. ఒట్టి రెడ్ ఆక్సైడ్ తేమ పీలుస్తుంది కాబట్టి ఎపాక్సీ ప్రైమర్ మేలు. తెలిసినవాళ్లు వెల్డింగు వేసవిలో ముగించి, రంగు పని నవంబరు తర్వాతకి పెట్టుకుంటారు. పైగా కర్మాగారం ఊరు, గాలిలో ఇనప ధూళి తేలుతూ ఉంటుంది. తడి రంగు మీద రేణువు వాలితే వానకి అదే తుప్పు చుక్క అవుతుంది. నేల తడిపి, తడి గోనెపట్టాలు కట్టిన షెడ్డులోనే స్ప్రే గన్ పట్టాలి.

వైరింగ్ దగ్గర మన మెకానిక్కుల తొందరపాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దొరికిన ఎర్ర వైరుతో అన్నీ కలిపేస్తారు. ఇంగ్లీషు వారసత్వపు వైరింగులో రంగులకి ఒక వ్యాకరణం ఉంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడు దీపాలు, నలుపు ఎర్త్. ఆ రంగులే పాటిస్తే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మిస్త్రీకి కూడా బండి తన గోడు చెప్పుకోగలదు. సగం కరెంటు రోగాలకి మూలం ఎర్త్ స్ట్రాపు కింద కొత్తగా కొట్టిన రంగే. అక్కడ రేకు మెరిసేలా గీకి బిగించాలి.

ఇంజిన్ ఓవర్‌హాల్ గురించి చాలామందికి తెలిసిందే: బోరింగ్, రింగులు, వాల్వ్ గ్రైండింగ్. తెలియాల్సింది పెట్రోలు గురించి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పాత 1489 ఇంజిన్ హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు పోత ఇనుము మీదే కూర్చుంటుంది. సీసం ఇచ్చే రక్షణ పోయాక ఆ సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. హెడ్డు విప్పినప్పుడే లేత్ షాపులో గట్టి సీట్లు దిగ్గొట్టించడం దీనికి మందు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ వచ్చింది. పాత రబ్బరు గొట్టాలని అది మెత్తబరుస్తుంది, తేమని పీల్చుకుని ట్యాంకులో తుప్పు పెంచుతుంది. పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్చకుండా బండి బయటికి తీస్తే, కొత్త రంగు మీద మంట చూసే ప్రమాదం ఉంది.

లోపలి పనిలో దర్జీకి ముందు రేకు పనివాడు రావాలి. కార్పెట్ లేపి, ఫ్లోరు చూసి, అద్దం రబ్బరులోంచి నీరు దిగుతోందేమో గొట్టంతో కొట్టి పరీక్షించాకే కుట్టు మిషన్ మాట. సీటు స్ప్రింగులు సరిచేసి, వాటిపై రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు పొర, ఆపైన ఫోము. అంతా ఫోముతోనే నింపితే మొదటి నెల మెత్తగా ఉండి తర్వాత గుంట పడుతుంది. పాత కవరుని కుట్లు విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి, అవే నమూనాగా కొత్త బట్ట కోయాలి. డోరు హార్డ్‌బోర్డు ఉబ్బిపోవడానికి కారణం బోర్డు కాదు. అద్దం సందులోంచి వాననీరు తలుపు లోపలికి దిగడం మామూలే. బోర్డుకీ రేకుకీ మధ్య ప్లాస్టిక్ షీటు ఉంటే ఆ నీరు కింది రంధ్రాల్లోంచి పోతుంది. ఆ షీటుని ఎప్పుడో ఏ మెకానిక్కో చింపి పారేసి ఉంటాడు. రూఫ్ లైనింగు అన్నిటికన్నా మొండిది. దాన్ని మోసే ఇనప కమ్ములకి వరస నంబర్లు రాసుకోవాలి, ఏ రెండూ ఒకే కొలత ఉండవు. మధ్య గీత నుంచి ముందుకీ వెనక్కీ, ఆపైన పక్కలకి లాగుతూ అంటించాలి. మే నెల ఎండలో మూసిన కారు పైకప్పు కాలిపోతుంది. నాసి బంక ఆ వేడికి జారి, లైనింగు నెత్తి మీదికి వేలాడుతుంది.

ఎంతవరకు పాతది ఉంచాలి? అమెరికాలో పోటీలకి తెచ్చే మజిల్ కార్లలో, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు సుద్దముక్కతో పెట్టిన గీతలని కూడా తిరిగి గీస్తారు. మనకి అంత దస్తావేజు లేదు, అంత పిచ్చీ అక్కర్లేదు. కానీ గోధుమ రంగు సీట్లున్న బండికి ఎర్ర రెక్సిన్, బానెట్ కింద నికెల్ తళుకులు పెడితే అది కాంటెస్సా కాకుండా పోతుంది. కనిపించని చోట కొత్తది, కనిపించే చోట పాతది అన్నది నా పద్ధతి. గొట్టాలు, వాల్వు సీట్లు, ఫ్యూజులు నేటివి. బొత్తాలు, మీటర్లు, కుట్టు వరసలు నాటివి. పగిలిన డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కులకి కోల్‌కతా మల్లిక్ బజారులో వెతకడం తప్ప దారి లేదు, రైలు మార్గం నేరుగా ఉండడం ఒక్కటే ఊరట.

ఇక కాగితాల సంగతి. ఇంజిన్ మార్చితే ఆర్సీలో నమోదు చేయించాలి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ హోదా, వీఏ అక్షరాల నంబరు ప్లేటు యాభై ఏళ్లు నిండిన బండికే. మొట్టమొదటి కాంటెస్సాలకి ఆ వయసు 2034లో వస్తుంది. అందుకే భిలాయి బళ్లు నమోదయ్యే దుర్గ్ ఆర్టీఓలో సీజీ 07 నంబరుతో ఉన్న కాంటెస్సా యజమాని ఇప్పటినుంచే ఛాసీ నంబరు ప్లేటుకి రంగు తగలకుండా చూసుకోవాలి, తీసేసిన పాత భాగాలు పారేయకుండా దాచుకోవాలి.