రెండు గదుల షరతు: ఓయె రెండు నవలలు, మా ఇల్లు

మా తమ్ముడికి ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. ఆ వారంలోనే ఇంటికి ఒక ఫారం వచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం, బహుళ వైకల్యాలున్న మనిషికి పద్దెనిమిది దాటాక చట్టబద్ధమైన సంరక్షకుల్ని జిల్లా కలెక్టర్ ఉండే కమిటీ నియమిస్తుంది. దానికి దరఖాస్తు అది. అమ్మ తన పేరు రాసింది. రాసి పెన్ను ఆపి, "నా తర్వాత ఎవరు అని అడగలేదేంటే ఇందులో?" అంది. నేను ఏమీ అనకుండా టీ పెట్టడానికి లేచాను.

అప్పుడు నేను చదువుతున్న పుస్తకం కెంజాబురో ఓయె 'ఎ క్వైట్ లైఫ్'. కథ చెప్పేది మా-చాన్ అనే ఇరవయ్యేళ్ళ అమ్మాయి. మొదట్లోనే ఇంట్లో ఆమె పెళ్ళి మాట వస్తుంది. తను పెళ్ళి చేసుకుంటే అన్నయ్య ఈయోర్ కూడా తనతోనే వస్తాడని, కాబట్టి కనీసం రెండు గదుల ఇల్లు చూడగలిగినవాడినే చేసుకుంటానని ఆమె అంటుంది. ఈయోర్ పుట్టుకతోనే మెదడు దెబ్బతిన్న మనిషి. అతన్ని వదిలి వెళ్ళడం అనే ఆలోచన ఆమెకి రానే రాదు. ఎన్ని గదులు కావాలన్నదే ఆమె లెక్క. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఓయెని చాలామంది మొదలుపెట్టేది ఈ పుస్తకంతో కాదు. 1964లో వచ్చిన 'ఎ పర్సనల్ మ్యాటర్'తో. నేనూ అంతే. డిగ్రీలో ఉండగా ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య జాన్ నేథన్ ఇంగ్లీష్ అనువాదం దొరికింది. నోబెల్ వచ్చినాయన పుస్తకమని కొన్నాను, లోపల మా ఇల్లు ఉంటుందని తెలీదు. ఆ రెండు నవలల్నీ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఒకటి అర్థమవుతోంది. మొదటిది పెద్ద నవలే, కానీ మా ఇంటి కథ మొదలవ్వాల్సిన చోట అది ఆగిపోతుంది. రెండోది ఆ చోటు నుంచే నడుస్తుంది.

ముందు 'ఎ పర్సనల్ మ్యాటర్' సంగతి. 1963లో ఓయెకి కొడుకు పుట్టాడు, పుర్రెలో లోపంతో, తల వెనక పెద్ద కణితి లాంటి వాపుతో. పేరు హికారి. ఆ అనుభవం నుంచి ఆయన అల్లిన కథలో నాయకుడి పేరు బర్డ్. ఇరవై ఏడేళ్ళు. ట్యూషన్ కాలేజీలో పాఠాలు చెబుతుంటాడు. ఎప్పటికైనా ఆఫ్రికా వెళ్ళాలన్నది కల. భార్య పురిటి నొప్పులు పడుతున్న రోజు అతను షాపులో ఆఫ్రికా మ్యాప్ చూస్తూ నిలబడి ఉంటాడు. బిడ్డకి మెదడు హెర్నియా అని ఆసుపత్రిలో చెప్తారు. అక్కణ్ణుంచి నవలంతా బర్డ్ పారిపోవడమే. తాగుతాడు. ఉద్యోగం పోగొట్టుకుంటాడు. హిమికో అనే పాత స్నేహితురాలి ఇంట్లో దాక్కుంటాడు. బిడ్డ దానంతటదే చనిపోతే బాగుండునని ఎదురుచూస్తాడు.

ఈ నవలలో నన్ను ఇప్పటికీ వదలనిది డాక్టర్ల మాటతీరు. బిడ్డకి పాలు తగ్గించి చక్కెర నీళ్ళు పట్టే ఏర్పాటు ఒకటి జరుగుతుంది. చంపమని ఎవరూ అనరు, చంపుతామనీ ఎవరూ అనరు. ఫీడింగ్ గురించి మాట్లాడుకుంటారు, అంతే. ఇలాంటి భాష మా ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడికి ఏడాది నిండకముందు ఒక డాక్టర్ గారు అమ్మతో, "మీరింకా చిన్నవాళ్ళే కదమ్మా, ఇంకొకళ్ళ గురించి ఆలోచించండి" అన్నారట. అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. అమ్మ మాత్రం అది పద్దెనిమిదేళ్ళుగా మర్చిపోలేదు. ఓయె ఈ మర్యాద భాష లోపల ఏముందో విప్పి చూపిస్తాడు. పైగా దాన్ని ఆసుపత్రి మీదికి నెట్టేసి తప్పించుకోడు. ఆ మాటల కోసం ఆశగా చెవులు రిక్కించింది బర్డే అని కూడా చెప్తాడు.

మొదటిసారి చదివినప్పుడు బర్డ్ మీద అసహ్యం వేసింది. రెండోసారి చదివేటప్పటికి మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న పారిపోలేదు. ఓటీలు చేశాడు. రాత్రి తొమ్మిదికి వచ్చేవాడు, తమ్ముడు నిద్రపోయాక. డబ్బు అవసరం నిజమే, ఆ ఓటీలతోనే మందులు వచ్చేవి. కానీ నెలాఖరులో పనిలేని రోజుల్లో కూడా తొమ్మిదికే ఎందుకు వచ్చేవాడో నాకు బర్డ్‌ని చదివాకే తెలిసింది. ఇది ఆ నవల నాకు చేసిన మేలు. నాన్నని క్షమించమని అది చెప్పలేదు. ఆయన ఎక్కడ నిలబడి ఉన్నాడో చూపించింది.

ఇక ముగింపు. ఆఖరి పేజీల్లో బర్డ్ ఉన్నట్టుండి మనసు మార్చుకుని బిడ్డని ఆపరేషన్‌కి తీసుకెళ్తాడు. కొన్ని వారాల తర్వాత తేలుతుంది, అది మెదడు హెర్నియా కాదు, హాని లేని కణితి అని. మామగారు మెచ్చుకుంటాడు. ఈ ముగింపు మీద యుకియో మిషిమా అప్పట్లోనే విరుచుకుపడ్డాడు, శుభం కార్డు వేసి నవలని పాడుచేశాడని. ఓయెకి వేరే ముగింపు తెలీక కాదు. అదే ఏడాది రాసిన 'అఘ్వీ' కథలో తండ్రి బిడ్డని చనిపోనిస్తాడు, ఆ తర్వాత ఆకాశంలో తేలే ఒక పెద్ద పసిబిడ్డ అతన్ని వెంటాడుతుంది. రెండు దారులూ రాసి చూసుకున్నవాడు ఒక దారిని ఎంచుకున్నాడు.

నాకు మిషిమాతో పేచీ ఉంది. బిడ్డ బతకడం శుభం కార్డు అని అతనెలా అనుకున్నాడు? బతికాకే కదా అసలు పని. ఇంకోటి, కణితి సంగతి తెలియకముందే బర్డ్ నిర్ణయం తీసుకుంటాడు. అదృష్టం తర్వాత వచ్చింది కాబట్టి ఆ నిర్ణయం విలువ తగ్గదు. నా ఫిర్యాదు వేరు. ఈ ముగింపుకి తొందరెక్కువ. అన్ని పేజీల పాటు పారిపోవడాన్ని గంట గంటకీ రాసిన రచయిత, ఉండిపోవడాన్ని మూడు నాలుగు పేజీల్లో తేల్చేశాడు. పారిపోవడంలో డ్రామా ఉంది. ఉండిపోవడంలో ఏముంటుంది? పొద్దున్న ఆరింటికి రాగిజావ కాచి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టడం ఉంటుంది, నలక ఉంటే పొట్టలోకి పోయే ట్యూబ్ మూసుకుపోతుంది కాబట్టి. ఫిట్స్ మందు పన్నెండు గంటలకోసారి. వాంతి అయితే అది అజీర్ణమా, లేక తలలో నీటిని పొట్టలోకి దించే షంట్ మూసుకుపోయిందా అని వాడి కళ్ళలోకి చూడటం. కరెంటు పోతే సక్షన్ మెషిన్‌కి ఇన్వర్టర్ ఎంతసేపు వస్తుందో లెక్క. వీటిలో ఏదీ నిర్ణయం లాగా అనిపించదు. కానీ బర్డ్ ఆఖర్న ఒక్కసారి తీసుకున్న నిర్ణయాన్ని మా అమ్మ రోజూ పొద్దున్నే తీసుకుంటుంది, జావ కలుపుతూ.

అమ్మకి ఈ కథ చెప్పాను. మధ్యాహ్నం ఫీడ్ పడుతూ మొత్తం విని, "ఆ పిల్లాడి తల్లి పేరేంటి?" అంది. లేదన్నాను. బర్డ్ భార్యకి నవల పొడుగునా పేరు లేదు. మంచం మీద ఉంటుంది, ఆమెకి నిజం చెప్పరు. బిడ్డకి పేరు పెట్టాలని అడిగేది మాత్రం ఆవిడే. "బానే ఉంది" అంది అమ్మ, సిరంజిలోకి నీళ్ళు తీసుకుంటూ. నేను చదివిన విమర్శల్లో ఇంత సూటిగా పడినది లేదు.

'ఎ క్వైట్ లైఫ్' 1990లో వచ్చింది, అంటే హికారికి ఇరవై ఏడేళ్ళప్పుడు. తండ్రి పేరున్న రచయిత. మనసు బాగాలేక కాలిఫోర్నియాలో ఒక యూనివర్సిటీకి వెళ్తాడు. ఆయన్ని ఒంటరిగా వదల్లేక తల్లి కూడా వెళ్తుంది. ఇల్లు, ఈయోర్, ఎంట్రన్స్‌కి చదువుకుంటున్న తమ్ముడు, అన్నీ మా-చాన్ మీద పడతాయి. ఆమె డైరీ రాస్తుంది. పెద్ద సంఘటనలు తక్కువ. ఈయోర్‌ని వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళడం, సంగీతం పాఠానికి తీసుకెళ్ళడం, తీసుకురావడం. ఒత్తిడి ఎక్కువైతే తను రోబోలా బిగుసుకుపోతానని చెప్పుకుంటుంది.

ఇందులో ఒక ఘట్టం చదవడానికి ధైర్యం కావాలి. పేటలో ఎవడో చిన్నపిల్లల మీద అఘాయిత్యం చేస్తున్నాడని తెలుస్తుంది. మా-చాన్‌కి అన్న మీద అనుమానం వస్తుంది. ఒళ్ళు పెద్దవాడిది, మనసు చిన్నపిల్లాడిది కదా, ఏమో అని. ఆ అనుమానం తప్పని తేలుతుంది. కానీ వచ్చిందని ఒప్పుకోవడం ఉంది చూశారూ, అక్కడ ఈ నవల మీద నాకు నమ్మకం కుదిరింది. తోబుట్టువుల ప్రేమలో ఈ చీకటి మూల గురించి ఎవరూ రాయరు. నాకు పదమూడేళ్ళప్పుడు, తమ్ముడు ఐసీయూలో ఉన్న రాత్రి, రేపు స్కూల్ టూర్‌కి పంపిస్తారా పంపరా అన్నదే నా ఏడుపు. ఎన్నో ఏళ్ళు అది ఎవరికీ చెప్పలేదు.

ఇంకో ఘట్టం. ఈయోర్ ఒక సంగీత రచన చేసి దానికి 'అనాథ శిశువు' అన్న అర్థం వచ్చే పేరు పెడతాడు. అమ్మానాన్నలు వదిలేసి వెళ్ళారని బాధపడుతున్నాడేమోనని మా-చాన్ కుమిలిపోతుంది. తర్వాత నానమ్మ ఊరికి వెళ్ళినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అతను రాసింది వదిలేసిన బిడ్డని కాపాడటం గురించి. అందరూ అతని బదులు బాధపడ్డారు గానీ అతన్ని అడగడం ఆలస్యం చేశారు. మా ఇంట్లోనూ ఇదే తప్పు. తమ్ముడికి మాట రాదు. కానీ స్నానానికి నీళ్ళు ఎక్కువ వేడిగా ఉంటే ఎడమ కాలి వేళ్ళు ముడుస్తాడు. అది అడగడానికీ జవాబు వినడానికీ మాకు పదేళ్ళు పట్టింది.

అయితే ఈ నవలతో నాకు రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఈ 'నేను' నిజంగా కూతురిది కాదు. ఆమె గొంతుతో రాస్తున్నది తండ్రి. కూతురి డైరీలో తండ్రి స్వార్థం మీద చురకలు చాలా ఉన్నాయి. అవి ఆత్మవిమర్శేనా, లేక కూతురి చేత తిట్టించుకుని తేలికపడటమా? ఓయె 1963 వేసవిలో, కొడుకు ఆసుపత్రిలో ఉండగానే, హిరోషిమా వెళ్ళాడు. అణుబాంబు బాధితుల్నీ వాళ్ళకి వైద్యం చేసే డాక్టర్లనీ చూశాకే కొడుకు విషయంలో నిలబడగలిగాడని అంటారు. నమ్ముతాను. కానీ దూరం వెళ్ళి ధైర్యం తెచ్చుకునే వీలు ఆ ఇంట్లో ఎవరికుంది అన్నది కూడా అడగాలి. తండ్రి వెళ్ళగలిగాడు, నవలలోనూ బయటా. డైరీ రాస్తూ ఇంట్లో ఉన్నది మా-చాన్.

రెండోది సంగీతం. హికారి కథ అందరికీ నచ్చే కథ. మాటలు రాని పిల్లాడు, పక్షుల కూతల రికార్డులు విని విని, ఆరేళ్ళప్పుడు అడవిలో ఒక పక్షి కూత విని దాని పేరు చెప్పాడు. పెద్దయ్యాక స్వరకర్త అయ్యాడు. 1992లో మొదటి సీడీ వచ్చింది. 1994లో తండ్రికి నోబెల్ వచ్చినప్పుడు లోకమంతా ఈ కథే చెప్పుకుంది. నాకు తెలిసినవాళ్ళు ఇది వినగానే, "దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడు, మీవాడిలోనూ ఏదో ఉండే ఉంటుంది, కనిపెట్టండి" అంటారు. మావాడు స్వరకర్త కాడు. ఏ పక్షినీ గుర్తుపట్టడు. వాడికి ఇంట్లో చోటు దొరకడానికి ఏ టాలెంటూ చూపించక్కర్లేదు. హికారి సంగీతాన్ని తక్కువ చేయడం లేదు, నేను వింటూనే ఉంటాను. కానీ ఈ నవలలో నాకు విలువైనది ఈయోర్ స్వరాలు కావు, అతని పక్కన నడిచే చెల్లెలి కాళ్ళ నొప్పులు.

ఓయె 2023లో చనిపోయాడు. ఇప్పుడు ఆయన్ని చదవాలనుకునేవాళ్ళు నన్నడిగితే, 'ఎ క్వైట్ లైఫ్' ముందు చదవమంటాను. ఉండిపోయినవాళ్ళ సంగతి తెలిశాక 'ఎ పర్సనల్ మ్యాటర్'కి వెళ్తే, పారిపోతున్న బర్డ్ ఏ ఇంటి నుంచి పారిపోతున్నాడో కనిపిస్తుంది. భార్యకి పేరు లేకపోవడం కూడా కనిపిస్తుంది.

ఫారం పని పోయిన సోమవారం అయింది. తల్లీ కూతురూ ఇద్దరి పేర్లూ పెట్టొచ్చో లేదో ఆఫీసులో కనుక్కుని చెప్తామన్నారు. బస్సులో తిరిగి వస్తూ అమ్మకి రెండు గదుల షరతు గురించి చెప్పాను. "రెండు సరిపోవే, మెషిన్లు ఎక్కడ పెడతావ్?" అంది. మూడు అన్నాను. "మరి నేనో?" అంది.

నాలుగు దగ్గర ఆగాం.