వరస కలిపిన వర్తకం: తెలుగు ప్రకటన భాషలో పలకరింపు

ప్రస్తావన

మనం కోరకపోయినా రోజూ మన కంటా చెవినా పడే తెలుగు వచనంలో పెద్ద భాగం వాణిజ్య ప్రకటనలదే. పత్రిక మొదటి పుటలో, బస్సు వెనుక, దూరదర్శన్ వార్తల నడుమ, చేతిలోని ఫోనులో అది పలకరిస్తూనే ఉంటుంది. ఇంత విస్తృతంగా వ్యాపించిన వచనాన్ని మన సాహిత్య విమర్శ రెండు విధాలుగానే చూసింది. ఆంగ్ల పదాలతో భాషను కలుషితం చేస్తున్నదని నిందించడం ఒకటి. సాహిత్యం కాదు గనుక పట్టించుకోనక్కరలేదని వదిలివేయడం రెండవది. ఈ రెండు దృక్పథాలూ ఒక ముఖ్యమైన ప్రశ్నను పక్కన పెట్టాయి. ప్రకటనలో మాట్లాడుతున్నది ఎవరు? ఆ మాట వినేవారితో ఏ వరస కలుపుకొని మాట్లాడుతున్నది?

ప్రకటన ఒప్పించడానికే పుట్టింది. ఒప్పించడం దానంతట అది దోషం కాదు. ఒప్పించేవాడికీ, అతడు మెచ్చుకొంటున్న వస్తువుకూ ఉన్న సంబంధం వినేవారికి కనబడకుండా పోవడమే అసలు సమస్య. ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్న విషయం ఇది. దీనిని పరిశీలించడానికి అవసరమైన పరికరాలు మన అలంకారశాస్త్రంలోనూ, మన బజారు భాషలోనూ సిద్ధంగా ఉన్నాయి.

సమ్మిత త్రయం

ఉపదేశం వినేవాడిని చేరే తీరును ఆలంకారికులు మూడు విధాలుగా విభజించారు. వేదం ప్రభుసమ్మితం, రాజాజ్ఞలా శాసిస్తుంది. పురాణం సుహృత్సమ్మితం, స్నేహితునిలా మంచిచెడ్డలు వివరిస్తుంది. కావ్యం కాంతాసమ్మితం, ప్రియురాలి మాటలా హృదయాన్ని ముందు కరిగించి, ఆ తరువాత దారికి తెస్తుంది. మమ్మటుని కావ్యప్రకాశంలోనూ, ఓరుగల్లు ఆస్థానంలో రచితమైన విద్యానాథుని ప్రతాపరుద్రీయంలోనూ కనబడే ఈ విభాగం కావ్యప్రయోజనాన్ని చెప్పడానికి ఉద్దేశించినదే. అయినా మాటకూ మనస్సుకూ ఉన్న సంబంధాన్ని వివరించే సూత్రంగా దీనిని ప్రకటనలకు అన్వయించవచ్చు.

పొగాకు ఉత్పత్తుల పెట్టెలపై 2016 నుంచి 85 శాతం మేర ముద్రిస్తున్న హెచ్చరిక ప్రభుసమ్మితానికి చక్కని ఉదాహరణ. అది ఆజ్ఞాపిస్తుంది, భయపెడుతుంది, బతిమాలదు. ఒక మందు ఏ నొప్పికి పనిచేస్తుందో, ఎలా వాడాలో, ధర ఎంతో చెప్పే పాత పత్రికా ప్రకటన సుహృత్సమ్మితం. తల్లి కంటతడితోనో, కూతురి అత్తవారింటి ప్రయాణంతోనో మొదలై చివరి క్షణంలో మాత్రమే వస్తువు పేరు చెప్పే నేటి దృశ్యప్రకటన కాంతాసమ్మితం. మూడవదానిలో వినేవారి వివేకం మేలుకొనేలోపే మనస్సు అంగీకరించి ఉంటుంది. కావ్యానికి ఇది గుణం. కావ్యం రసానుభవంతో ముగుస్తుంది, చివర మన చేతికి బిల్లు ఇవ్వదు. ప్రకటనలో అదే పద్ధతి చెల్లింపు దగ్గర ముగుస్తుంది. పద్ధతి ఒకటే అయినా ఫలం వేరు. విమర్శ దృష్టి నిలపవలసిన తావు ఇదే.

మెప్పు ఎవరిది? ప్రాచీన సాక్ష్యాలు

వర్తకం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనబడినదాని గురించి ముచ్చటించుకొంటారు. అందులో ఒక పూటకూళ్ల ఇంటి భోజనాన్ని వర్ణించే పద్యం ఉంది. సన్నన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నంజుడు పదార్థాలు, గడ్డపెరుగు అన్నీ చెప్పి, ఇదంతా ఫలానావారింట ఒక రూకకు దొరుకుతుందని ముగుస్తుంది. పదార్థాల పట్టిక, అమ్మేవారి పేరు, ధర మూడూ ఉన్నాయి గనుక నేటి పాఠకునికి ఇది హోటలు ప్రకటనలాగే తోస్తుంది. అయినా ఒక భేదం ఉంది. ఇక్కడ మెచ్చుకొంటున్నవాడు అమ్మేవాడు కాదు. మాట మిత్రునిది, వినేవాడు మిత్రుడు, తినబోయేది వారే. మెప్పుకూ లాభానికీ మధ్య కాస్త దూరం ఉంది. ఆ దూరమే మాటకు విశ్వాసాన్ని ఇస్తుంది.

శ్రీనాథుని హరవిలాసం మరొక రకమైన సాక్ష్యం. దాని కృతిపతి అవచి తిప్పయసెట్టి సుగంధద్రవ్యాల వంటి విలువైన సరుకుల వర్తకుడు. అవతారికలో కవి ఆ వంశాన్నీ, సముద్రాలు దాటివచ్చే సరుకులనూ వర్ణించాడు. ఇక్కడ మెప్పుకూ లాభానికీ మధ్య దూరం లేదు. పొగడేవాడు పొగడ్త పొందేవాని ఆదరణలో ఉన్నాడు. కాని ఆ సంబంధాన్ని కవి దాచలేదు. కృతిపతి పేరు అవతారికలో ఉంది, ఆశ్వాసాంతరాల సంబోధనల్లోనూ ఉంది. చదివేవాడు ఏది కథో, ఏది స్తుతో సులభంగా వేరుచేసుకోగలడు. పైన పేర్కొన్న ప్రతాపరుద్రీయం ఈ విషయంలో ఇంకా స్పష్టమైన ఉదాహరణ. శాస్త్రాన్ని బోధిస్తూనే, లక్ష్యాలుగా ఇచ్చిన శ్లోకాలతో కాకతీయ ప్రభువును కీర్తించిన గ్రంథమది. కాంతాసమ్మితాన్ని వివరించిన పుస్తకమే ప్రభుకీర్తికి సాధనమైంది. అయితే ఆ సంగతి గ్రంథనామంలోనే ప్రకటితమై ఉంది.

ఈ మూడు సాక్ష్యాల నుంచి ఒక ప్రమాణం లభిస్తుంది. మెప్పు స్వానుభవం నుంచి రావచ్చు, ఆశ్రయం నుంచీ రావచ్చు. రెండవదైనప్పుడు ఆశ్రయదాత పేరు వినేవారికి తెలియాలి. ప్రాచీన కృతి ఈ నియమాన్ని అవతారిక ద్వారా పాటించింది. ఆధునిక ప్రకటనను కూడా ఇదే ప్రమాణంతో పరీక్షించవచ్చు.

పత్రిక, ఔషధం, పాఠకుడు

తెలుగు పత్రికకూ వాణిజ్యానికీ ఉన్న బంధాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు జీవితం కన్నా బాగా చూపే ఉదాహరణ అరుదు. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. అది 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వెలువడింది. నొప్పి మందు వల్ల వచ్చిన ఆదాయం ఒక జాతి భాషా సాహిత్య చైతన్యానికి ఆలంబనమైంది. వర్తకం సంస్కృతిని చెరచడం తప్ప మరేమీ చేయదన్న అభిప్రాయం ఈ చరిత్ర ముందు నిలవదు.

ఈ ఉదాహరణలో గమనించవలసిన అంశం పారదర్శకత. మందు యజమానీ పత్రికాధిపతీ ఒక్కరేనన్న సంగతి లోకవిదితం. ప్రకటన ప్రకటనగానే, సంపాదకీయం సంపాదకీయంగానే చదువరి ముందుకు వచ్చాయి. అచ్చుపుటలో గీతలతో కట్టిన గడి చిన్న విషయంగా కనబడవచ్చు. కాని అవతారిక చేసిన పనినే ఆ గడి చేసింది. ఈ గీతకు ఇవతల ఉన్నది డబ్బిచ్చి చెప్పించిన మాట అని అది పాఠకునికి తెలిపింది.

వరస కలపడం

వివిధభారతిలో 1967లోనూ, దూరదర్శన్‌లో 1976లోనూ వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. 1995 నుంచి తెలుగు ప్రైవేటు ఛానళ్లు వచ్చాయి. అక్షరానికి గొంతు, గొంతుకు ముఖం తోడయ్యాయి. ఈ మార్పుతో ప్రకటన తెలుగు బజారు భాషలోని అతి శక్తిమంతమైన సాధనాన్ని అందిపుచ్చుకొంది. అదే వరస కలపడం.

తెలుగునాట కూరగాయల బండివాడు కొనవచ్చిన స్త్రీని ‘అమ్మా’ అనో ‘అక్కా’ అనో పిలుస్తాడు. ఈ పిలుపులో అమ్మకపు నేర్పు ఉన్నమాట నిజమే. అయినా అది ఏకముఖం కాదు. అక్కా అన్నవాడు ఆ క్షణం నుంచే తమ్ముడవుతాడు. ఆమె అతడిని ‘ఎక్కువ చెబుతున్నావు తమ్ముడూ’ అని నిలదీయగలదు. బేరమాడగలదు, కొసరు అడగగలదు. నిన్నటి వంకాయల్లో పుచ్చులున్నాయని నలుగురిలో గద్దించగలదు. వరస ఇద్దరిపైనా బాధ్యత పెడుతుంది. తెలుగులో బంధువాచకాలు పరస్పరాపేక్షకాలు. ఒక పదం పలికితే దాని జతపదం కూడా అమలులోకి వస్తుంది.

ప్రకటనలోని ‘అక్కా’ అనే పిలుపుకు ఈ జతపదం లేదు. పిలిచిన తమ్ముడు ఎవరో, ఎక్కడ ఉంటాడో తెలియదు. అతడిని తిరిగి పలకరించే వీలు లేదు. ప్రకటన పిలుపును తీసుకొని దాని బాధ్యతను విడిచిపెట్టింది. ‘కొసరు’ అనే మాటకు పట్టిన గతి కూడా ఇలాంటిదే. కొసరు కొనుగోలుదారు హక్కుగా అడిగేది, అమ్మేవాడు మొహమాటంతోనో అభిమానంతోనో వేసేది. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అనే వాక్యంలో అడగడం లేదు, వేయడమూ లేదు. లెక్క ముందే కట్టి ఉంటుంది. మాట తీపి మిగిలింది, మనుషుల మధ్య జరిగే వ్యవహారం పోయింది.

ఈ ప్రభావం పదాలతో ఆగలేదు, పంచాంగానికీ చేరింది. ఆషాఢం శూన్యమాసం. పెళ్లిళ్లు ఉండవు, కొత్తకోడలు పుట్టింటికి వెళుతుంది. శుభకార్యాలు లేని నెల వస్త్రవర్తకులకు బేరాలు లేని నెల. ఆ లోటును పూడ్చుకోవడానికి పుట్టిన ‘ఆషాఢం తగ్గింపు’ నేడు ఒక వార్షిక ఆచారంలా స్థిరపడింది. ఆషాఢం అనగానే పట్టణ గృహాల్లో చీరల దుకాణమే ముందుగా గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడింది. వ్యంజనా వ్యాపారం పనిచేసే తీరు ఇదే. వాచ్యార్థం చెరిగిపోదు, వ్యంగ్యార్థం పదేపదే వినబడి వాచ్యార్థం కన్నా ముందు స్ఫురించడం మొదలవుతుంది. ఎవరూ మనల్ని ఆజ్ఞాపించలేదు, వాదించి ఒప్పించనూ లేదు. నెల అర్థం మాత్రం మారిపోయింది.

వరస అప్పుగా మారినప్పుడు

చీరల విషయంలో ఇదంతా వినోదంగా కనబడవచ్చు. ఆత్మీయ స్వరం అప్పుతో కలిసినప్పుడు ఫలితం ఎంత దారుణమో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది. సూక్ష్మరుణ సంస్థలు మహిళలను బృందాలుగా కూర్చి, ఒకరికొకరిని హామీగా పెట్టి రుణాలిచ్చాయి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఈ సంక్షోభానికి ఆర్థిక కారణాలు అనేకం. భాషా దృష్టితో చూస్తే మరొక పొర కనబడుతుంది. ఇరుగుపొరుగు స్త్రీలు పరస్పరం అక్కా, వదినా, పిన్నీ అని పిలుచుకొనే బంధాన్నే ఆ ఏర్పాటు తాకట్టు వస్తువుగా తీసుకొంది. వాయిదా తప్పిననాడు ఇంటి ముందు నిలబడి అడగవలసివచ్చింది అక్కే, వదినే. అప్పు తీరిన తరువాత కూడా ఆ పిలుపులు మునుపటిలా పలకగలమా? ఈ నష్టం ఏ ఖాతాపుస్తకంలోనూ నమోదు కాదు. దానిని నమోదు చేయవలసినది సాహిత్యం, విమర్శ.

వార్తారంగంలోనూ గీత చెరిగింది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకొని అభ్యర్థుల ప్రశంసలను వార్తలుగా ప్రచురించారన్న ఆరోపణలను పరిశీలించడానికి భారత ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని నియమించింది. అందులో ఒక సభ్యుడు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. చెల్లింపు వార్త అంటే అవతారిక తీసివేసిన స్తుతికావ్యం. కృతిపతి ఉన్నాడు, పేరు మాత్రం లేదు.

సామాజిక మాధ్యమాల్లో ఈ మార్పు మరింత ముదిరింది. వంటగది నుంచి, పడకగది నుంచి మాట్లాడే వ్యక్తి రోజూ కనబడే చుట్టంలా అనిపిస్తారు. వారు ఒక నూనెను మెచ్చుకొన్నప్పుడు అది క్రీడాభిరామంలోని మిత్రుని మాటా, హరవిలాసంలోని ఆశ్రితుని మాటా అన్నది వినేవారు తేల్చుకోలేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల విషయంలో వాటిని సమర్థించే ప్రముఖులపై కూడా బాధ్యత పెట్టింది. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని నిర్దేశించాయి. ఆరు శతాబ్దాల కిందట శ్రీనాథుడు సంప్రదాయంగా చేసినదాన్ని ఇప్పుడు చట్టం చెప్పి చేయించవలసి వస్తున్నది.

ముగింపు

ప్రకటనను నిషేధించడమూ, భాషాశుద్ధి పేరుతో దాన్ని సంస్కరించడమూ విమర్శకుని పని కాదు. దాన్ని చదవడం నేర్పడమే అతని పని. తెలుగు శాఖల్లో సమ్మిత త్రయాన్నీ, వ్యంజననూ పరీక్షల కోసం కంఠస్థం చేయిస్తున్నాం. అదే తరగతిలో ఆనాటి దినపత్రిక పుటను ముందుంచి మూడు ప్రశ్నలు అడిగించవచ్చు. ఈ మాట ఎవరిది? ఈ మెప్పు అనుభవం నుంచి వచ్చిందా, ఆశ్రయం నుంచి వచ్చిందా? ఇక్కడ కలిపిన వరసకు బదులు పలికే వీలు నాకు ఉందా?

మూడవ ప్రశ్నే అన్నిటిలో కీలకం. అమ్మా, అక్కా, అన్నా అనే పిలుపులు తెలుగు సమాజం అపరిచితులను మనుషులుగా గుర్తించడానికి ఏర్పరచుకొన్న ఉమ్మడి ఆస్తి. బదులు పలకలేని గొంతులు వాటిని నిత్యం వాడుతుంటే, బదులు పలకగల గొంతులపై కూడా నమ్మకం సన్నగిల్లుతుంది. రేపు బండివాడు ‘అక్కా’ అన్నప్పుడు ఆమె తల తిప్పి చూడకపోతే, ఆ నష్టం అతని బేరానిదొక్కటే కాదు, ఆ పిలుపుది కూడా.