ఆకుపచ్చ గారె

పగ్ కుక్కపిల్ల ఒక కన్ను మూసుకుని, ముందుకాలితో ముఖం రుద్దుకుంటూ ఉంటుంది. నీరు కారుతుంది, పుసి కడుతుంది. దుమ్ము పడిందేమోలే అని ఇంట్లోవాళ్లు ఒకరోజు ఊరుకుంటారు. రెండోరోజు ఫ్రిజ్‌లో తాతగారి కంటి ఆపరేషన్‌కు తెచ్చిన చుక్కల మందు సీసా కనిపిస్తుంది, అదే వేస్తారు. మూడోరోజుకు నల్లగుడ్డు మీద తెల్లటి మబ్బు. "పువ్వేసింది డాక్టర్ గారూ!" అంటూ అప్పుడు పరుగు.

పశువైద్యుడి బెంగ పువ్వుకన్నా ఆ సీసా మీదే ఎక్కువ. శుక్లాల ఆపరేషన్ తర్వాత వాడే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. కార్నియా మీద పుండు ఉన్నప్పుడు అది వేస్తే పుండు మానదు సరికదా, సూక్ష్మజీవులకు తలుపు తీసినట్టవుతుంది.

కుక్క కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. పగ్, షిట్జు లాంటి పొట్టిముక్కు జాతులకు కళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, రెప్పలు పూర్తిగా మూతపడవు, ముక్కు మడతల వెంట్రుకలు గుచ్చుకుంటాయి. చిన్న గీత చాలు, పుండు మొదలవడానికి.

పుండు ఎంత లోతో చెప్పేది ఒక రంగు. 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన ఫ్లోరెసిన్ అది. రంగు అద్దిన కాగితపు ముక్కను తడిపి కంటికి తాకించి, కడిగి, నీలిరంగు వెలుగులో చూస్తారు. పైపొర బాగుంటే రంగు నిలవదు. పొర లేచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. చుట్టూ ఆకుపచ్చ, నడుమ మాత్రం రంగు పట్టని చిల్లు, అచ్చం గారెలా కనిపిస్తే వైద్యుడి గుండె జారుతుంది. పుండు కార్నియా అడుగున ఉన్న డెస్మెట్ పొర దాకా దిగిందని అర్థం. ఆ పొర రంగు పట్టదు. అదీ చిరిగితే కన్నే చితికిపోవచ్చు.

సూడోమోనాస్ లాంటి బాక్టీరియా చేరితే కార్నియా జున్నులా మెత్తబడి కరగడం మొదలవుతుంది. ఒక్క రోజులో చిల్లు పడ్డా పడవచ్చు. కరిగించే ఎంజైములు బాక్టీరియా నుంచే కాదు, దాన్ని ఎదిరించడానికొచ్చిన తెల్ల రక్తకణాల నుంచీ వస్తాయి. అందుకే యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు. ఆ కుక్క రక్తమే కొంచెం తీసి, గడ్డకట్టాక పైకి తేలిన సీరాన్ని చుక్కలుగా వేస్తారు. ఎంజైములకు కళ్లెం వేసే ప్రొటీన్లు అందులో ఉంటాయి. మందుల షాపులో దొరకని ఈ మందును ఫ్రిజ్‌లో పెట్టి, చెయ్యి తగలకుండా వాడాలి.

అసలు కష్టం ఇంట్లో మొదలవుతుంది. మొదటి రోజుల్లో గంటకోసారి, రెండు గంటలకోసారి చుక్కలు, రాత్రిళ్లు కూడా. ఒక మందుకూ ఇంకో మందుకూ అయిదు నిమిషాల ఎడం. కన్ను గోక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు. అలారం పెట్టుకుని వంతులవారీగా లేచే ఇంట్లో కన్ను దక్కే అవకాశం ఎక్కువ. లోతు మరీ ఎక్కువైతే తెల్లగుడ్డును కప్పే పలుచని పొర నుంచి చిన్న ముక్కను తిప్పి, వెంట్రుకకన్నా సన్నని దారంతో పుండు మీద కుట్టేస్తారు. రక్తనాళాలు లేని కార్నియాకు ఆ ముక్క రక్తం అందిస్తుంది.

కుక్క ఒక కన్ను మూసుకుని తిరుగుతుంటే ఆరోజే వైద్యుడికి చూపించండి. ఇంట్లో అప్పటికే ఏవైనా చుక్కలు వేసి ఉంటే, మొహమాటపడకుండా ఆ సీసానూ వెంట తీసుకెళ్లండి.