రెండో రోజు వార్త

మొన్న ఆస్పరి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పక్కన కూర్చున్న కుర్రోడు ఫోన్‌లో రీల్ చూస్తున్నాడు. మొద్దు శీను మాటలకు సినిమా సంగీతం తగిలించి ఎవరో వదిలారు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని చంపింది తానేనని టీవీలో చెప్పుకున్న మనిషి. ఆ హత్య నాటికి ఈ కుర్రోడు పుట్టి కూడా ఉండడు. అయినా మాటలన్నీ వాడికి కంఠతా వచ్చు. నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. చంపినవాడి ఫొటో మొదటి పేజీలో వేయొద్దు, ఊరి పేరుకు ముందు 'ఫ్యాక్షన్' తగిలించొద్దు అని. మా మండలానికి కెమెరాలు ఎప్పుడొస్తాయో కూడా మీకు తెలుసు. ఉగాది మరుసటి రోజు కైరుప్పల పిడకల సమరానికి వస్తాయి. దసరా రాత్రి ఇంకాస్త ముందుకెళ్లి దేవరగట్టు కర్రల సమరం చూపిస్తాయి. తలలు పగిలితేనే లైవ్. ఉల్లిగడ్డ ధర పడిపోయి రైతు పంటను పొలంలోనే వదిలేస్తే స్క్రోలింగ్‌లో ఒక్క లైను. రక్తానికున్న గిరాకీ మా పసిపిల్లలకే తెలిసినప్పుడు కొడవలి పట్టేవాడికి తెలియదా?

1997 నవంబరు 19 తలుచుకోండి. పరిటాల రవి తండ్రి శ్రీరాములు మీద తీయబోయే 'శ్రీరాములయ్య' సినిమా ముహూర్తం. జనం, కెమెరాలు ఒకచోట చేరిన రోజున జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలింది. 26 మంది పోయారు. వార్త కోసం వెళ్లిన ఈటీవీ సిబ్బంది కూడా వాళ్లలో ఉన్నారు. రవి బతికాడు. రవి కథ, ఆయన శత్రువుల కథ తర్వాత 'రక్తచరిత్ర' సినిమాకెక్కాయి. ఆ 26 మందిలో ఒక్క పేరైనా మనలో ఎందరికి గుర్తుంది?

అందుకని అసలు రాయడమే మానేయాలి, చూపించడమే మానేయాలి అని వారమంతా అనుకుంటూ వచ్చాను. శ్రీపెరుంబుదూరు గుర్తొచ్చి ఆగిపోయాను. 1991 మే 21న రాజీవ్ గాంధీని చంపడానికి వచ్చినవాళ్లు తమ వెంట ఫొటోగ్రాఫర్‌ను తెచ్చుకున్నారు. హరిబాబు అతని పేరు. ముఠా నాయకుడు శివరాసన్ కుర్తా పైజామా వేసుకుని, చేతిలో నోట్‌బుక్ పట్టుకుని విలేకరిలా నిలబడ్డాడు. తాము చేయబోయేది బొమ్మల్లో మిగలాలని వాళ్లకు ఆశ. పేలుడులో హరిబాబు చచ్చిపోయాడు, కెమెరా మిగిలింది. అందులోని ఫిల్ము కడిగితే గంధపుమాల పట్టుకున్న మానవబాంబు ధను కనిపించింది, శివరాసన్ కనిపించాడు. దర్యాప్తుకు దారి దొరికింది అక్కడే. గొప్ప కోసం తీయించుకున్న బొమ్మలే వాళ్లను పట్టిచ్చాయి.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఈ పక్క పల్లెల్లో టీవీల్లేవు, పేపరు మధ్యాహ్నానికి వచ్చేది. హత్యలేం తగ్గలేదు. ఎవరు చంపారో ఊరంతటికీ తెలుసు, ఎక్కడా అచ్చయ్యేది కాదు. రచ్చకట్ట మీద గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. ఆ గుసగుస చాలు ఫ్యాక్షన్ నాయకుడికి. సాక్షి నోరు మూయించడానికి వాడికి ఏ పేపరూ అక్కర్లేదు. మనం రాయకపోతే వాడి పని ఇంకా తేలిక.

2008 మేలో దేవనకొండ మండలంలో ఫ్యాక్షన్ నాయకుడు కప్పట్రాళ్ల వెంకటప్పనాయుడినీ, వెంట ఉన్న పదిమందినీ చంపినప్పుడు కెమెరాలు బారులు తీరాయి. ఆదోని కోర్టు యావజ్జీవ శిక్షలు వేసింది 2014 డిసెంబరులో. మరుసటేడు అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆయన ఊరు కప్పట్రాళ్లను దత్తత తీసుకున్నప్పుడు మళ్లీ వార్త అయింది. హత్యకూ తీర్పుకూ మధ్య ఆరున్నరేళ్లు వాయిదాలు నడిచాయి. మొదటి రోజు హడావిడిలో మాట్లాడేది చంపినవాడి పని. భర్తలు పోయిన ఆడవాళ్లు చేను ఎట్లా చేసుకున్నారు, సాక్షి ఎవరి బండెక్కి కోర్టుకొచ్చాడు, ఏ రోజు ఎవరు మాట మార్చారు, ఇవన్నీ ఆ తర్వాతి వార్తలు. చంపినవాడికి ఇవి అచ్చు కావడం ఇష్టం ఉండదు.

మా పిల్ల విలేకరులను నేను అడిగేది ఒక్కటే. హత్య రాయండి, ఎవరు చేయించారో ఆధారంతో రాయండి, ఆ తర్వాత ఆదోని కోర్టుకు వెళ్లి ప్రతి వాయిదాకూ నాలుగు లైన్లు పంపండి. డెస్క్ వాళ్లు తీసేస్తే మళ్లీ పంపండి.